అమ్మకూ ఇంతే అని ఊరుకోవద్దు
ఎనిమిదో రోజు కూడా నెలసరి ఆగక, గంటకో ప్యాడ్ మార్చుకుంటున్న అమ్మాయికి మన ఇళ్లలో దొరికే ఓదార్పు ఒకటే: ‘నాకూ ఇంతేనే తల్లీ, అదే సర్దుకుంటుంది.’ తల్లికీ అంతే కావడం ధైర్యం తెచ్చుకోవాల్సిన విషయం కాదు, అనుమానించాల్సిన విషయం. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఒక ప్రొటీన్ లోపించే వాన్ విల్లీబ్రాండ్ వ్యాధి వంశపారంపర్యంగా వస్తుంది. 1926లో ఫిన్లండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లీబ్రాండ్ దీన్ని తొలిసారి వివరించింది ఓ చిన్నపిల్లను పరీక్షించాకే. ఆ పిల్ల తర్వాత నాలుగో నెలసరిలో రక్తస్రావం ఆగక కన్నుమూసింది. ఇన్నేళ్లయినా రక్తస్రావ వ్యాధి అనగానే మనకు గుర్తొచ్చేది మగపిల్లల హిమోఫీలియానే. ఆడవాళ్లకు ఐరన్ మాత్రలు రాసిచ్చి పంపేస్తున్నారు, చివరికి గర్భసంచి తీసేస్తున్నారు. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. మామూలు రక్తపరీక్షల్లో ఈ జబ్బు బయటపడకపోవచ్చు. దానికి ప్రత్యేక పరీక్ష ఉంది. తేలితే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలతోనే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. పన్ను పీకించుకుంటే రక్తం ఆగకపోవడం, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోవడం, తరచూ ముక్కులోంచి రక్తం కారడం కూడా ఉంటే ఆలస్యం చేయకండి. గర్భసంచి తీయించుకునే ముందు ఆ పరీక్ష చేయించమని డాక్టర్ని అడగండి.