టీకా ఒక చేత్తో, విషం మరో చేత్తో

సార్వత్రిక టీకా కార్యక్రమం ఘనతను ఏ పార్టీ పాలకులైనా వేదికలెక్కి చాటుకుంటారు. చాటుకోదగినదే. 1985 నుంచి అది కోట్లాది పసిబిడ్డలను ధనుర్వాతం, డిఫ్తీరియా వంటి వ్యాధుల నుంచి కాపాడుతోంది. అదే ప్రభుత్వం, ఆ టీకా ఇచ్చే రక్షణను తగ్గించే రసాయనాల విషయంలో మాత్రం ఏళ్ల తరబడి తాత్సారం చేస్తోంది.

అవి పీఫాస్ తరగతి రసాయనాలు. అంటుకోని పెనాల తయారీలో, నూనె పీల్చని ఆహార పొట్లాలలో, నీరు ఇంకని దుస్తులలో, మంటలార్పే నురగలో వీటిని వాడుతూ వచ్చారు. వాటిలోని కార్బన్–ఫ్లోరిన్ బంధం తేలికగా తెగదు. అందుకే నేలలో, నీటిలో, చివరకు మనిషి నెత్తురులో అవి ఏళ్లపాటు తిష్ఠవేస్తాయి.

ఫారో దీవుల పిల్లలపై జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. అయిదేళ్ల వయసులో రక్తంలో ఈ రసాయనాలు రెట్టింపుగా ఉన్న పిల్లలకు, ఏడేళ్లు వచ్చేసరికి ధనుర్వాతం, డిఫ్తీరియా యాంటీబాడీలు దాదాపు సగమే ఉన్నట్లు అందులో తేలింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2020లో నాలుగు పీఫాస్ రసాయనాలకు కలిపి, శరీర బరువులో కిలోకు వారానికి 4.4 నానోగ్రాముల పరిమితి విధించింది. అందుకు ప్రాతిపదిక టీకాకు శరీర స్పందన తగ్గడమే.

మరి ఢిల్లీ ఏం చేసింది? వీటిలో ఒకటైన పీఎఫ్ఓఎస్‌ను స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లోనే ఆంక్షల జాబితాలో చేర్చింది. 2020 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆ ఒప్పందం కింద ఏడు రసాయనాలకు ఆమోదముద్ర వేసింది. ఆ ఏడింటిలో పీఎఫ్ఓఎస్ లేదు. 2012 నాటి భారత తాగునీటి ప్రమాణంలో పీఫాస్ ఊసే లేదు. అమెరికా 2024లో పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్‌లకు లీటరు నీటికి చెరి 4 నానోగ్రాముల హద్దు గీసింది.

ఇష్టం లేనివారు ఆ పెనం కొనకుంటే సరిపోతుందనడం బాధ్యతను వంటింటిపైకి నెట్టడమే. చెరువులో, బోరునీటిలో కలిసినదాన్ని ఏ తల్లి ఏరి పారేయగలదు? కంటికి కనిపించని హానికి కొనుగోలుదారు వివేకం విరుగుడు కాదు. చట్టమే విరుగుడు.

దీనర్థం టీకా మానమని కాదు, వేసిన టీకాను పూర్తిగా పనిచేయనివ్వమని. పరిశ్రమల వాడల చుట్టూ నీటిని పరీక్షించి, ఫలితాలను ప్రజల ముందుంచాలి. నీటికీ, ఆహార పొట్లాలకూ హద్దులు గీసి అమలు చేయాలి. పీఎఫ్ఓఎస్‌కు ఇవ్వని ఆమోదాన్ని ఇవ్వాలి. టీకాల లెక్కలు ఏటా చెప్పే సర్కారు, ఆ లెక్క కూడా చెప్పాల్సిందే.