కుక్కకు దండన తగునా?

బాలుని పట్టుదల చెల్లించుటకై మగకుక్కపిల్లను దెచ్చి పెంచు గృహములు మన పట్టణములలో ననేకము గలవు. మొదటి నెలలలో నది యెల్లరకు ముద్దు. ఏడెనిమిది మాసములు నిండునప్పటికి కథ మాఱును. అంతవఱకు వాకిటిలోనికి పోయి మూత్రము విడుచుచుండిన జంతువు, ఒకనాడు కాలెత్తి మంచపుకోళ్లకు, మఱునాడు బియ్యపు బస్తాకు, ఆపైని చుట్టములు దెచ్చిన పెట్టెకు నాలుగేసి చుక్కలు తగిలించును. అప్పుడు కఱ్ఱ పైకి లేచును. కొన్ని యిండ్లవారు అంతటితో నాగక, కుక్కను ఊరి చివర విడిచి వచ్చుటయు గలదు. ఈ రెండును అన్యాయములని నా యభిప్రాయము.

ఇది మూత్రాశయము నిండుటచే గలుగు పని కాదు. యౌవనము తలసూపినపుడు మగకుక్క తన వాసనను నిలువుగానున్న వస్తువులపై కొలదికొలదిగా నుంచును. తక్కిన కుక్కలు ఆ వాసనను బట్టి యిచ్చటికి వచ్చినది మగదో, ఆడుదో గుర్తించును. చుట్టముగారి పెట్టెపై వేఱొక యింటి వాసన యున్నది. దానిపై మన కుక్క తన వాసన నుంచినది. చుట్టముగారిపై దానికి ద్వేషమేమియు లేదు.

“తల వంచి తోక ముడిచినది చూడుడు, తప్పు చేసితినని దానికి దెలియును” అని పెద్దలు వాదింతురు. ఈ మాటను 2009వ సంవత్సరమున అమెరికాలో అలెగ్జాండ్రా హొరొవిట్జ్ అను విదుషి పరీక్షించెను. యజమాని తన కుక్కను ఒక తినుబండారమును ముట్టవలదని శాసించి గదినుండి వెడలిపోవును. కుక్క దానిని దినెనో లేదో ఆమె యతనికి గొన్నిమార్లు తలక్రిందులుగా దెలిపెను. తినుబండారము తినని కుక్కయు, తిట్లు తినగానే యదే దీనముఖము పెట్టెను! కావున మనము నేరపు సాక్ష్యముగా నెంచు ఆ ముఖము మన కోపమునకు జవాబు మాత్రమే. గంట క్రిందటి మరకకును ఇప్పటి దెబ్బకును గల సంబంధము కుక్కకు బోధపడదు. ఈ మనుష్యుని యెదుట మూత్రము విడువరాదని మాత్రము నేర్చుకొని, మఱునాడు బీరువా వెనుకకు బోవును. మరకలో దాని ముక్కు రుద్దువారికిని ఫల మింతియే. అకారణముగా జంతువును గొట్టుట 1960వ సంవత్సరపు చట్టము ప్రకారము నేరమని కూడ నెఱుగవలెను.

మఱి చేయవలసిన దేమి? ముందుగా మరకను సరిగా తీయవలెను. ఫినాయిలు వాసన మన ముక్కును మోసగించునే గాని కుక్క ముక్కును మోసగింపజాలదు; పైగా తడి నేలను నాకిన కుక్కకు హాని. అమోనియా గల ద్రావకములు మూత్రపు వాసననే తలపించును. మూత్రమును విఱుగగొట్టు ఎంజైములు గల ద్రావకములు అంగళ్లలో దొరకును, అవియే మేలు. కుక్కను కొంతకాలము కనిపెట్టి యుండి, తఱచుగా వెలుపలికి గొనిపోయి, అచ్చట కాలెత్తిన తక్షణమే తినుబండార మిచ్చి మెచ్చుకొనవలెను. ఈ పని కుక్కను గోరి తెచ్చిన బాలునిదే గాని తల్లిది కాదు. చుట్టముల పెట్టెను అటకపై బెట్టుటకు శాస్త్రజ్ఞాన మక్కఱలేదు. మాటిమాటికి ముక్కుచు విడిచినను, మూత్రమున రక్తము గనబడినను, అది వ్యాధి కావచ్చును గాన వెంటనే పశువైద్యునికి జూపవలెను.

విత్తులు తీయించు శస్త్రచికిత్స యన్నచో మనవారు వెనుదీయుదురు. ఎద్దులకు విత్తులు నొక్కించుటకు సంకోచింపనివారు కుక్క విషయమున పౌరుషమను మాట యెత్తుట వింత. 1997లో అమెరికా పశువైద్యులు ప్రకటించిన పరిశీలనలో, ఈ చికిత్స పొందిన మగకుక్కలలో నూటికి 60కి పైగా వానికి ఈ యలవాటు సగమో, అంతకు మించియో తగ్గెను. అన్నిటికిని తగ్గలేదు, తగ్గువానికిని వెంటనే తగ్గదు. తగిన వయస్సును వైద్యుడే నిర్ణయించును. చికిత్స జరిగిన పిమ్మట కొన్ని వారములు పాత వాడుక నిలిచి యుండవచ్చును గనుక, ఆ దినములలో తుడుపుగుడ్డను, ఉదయపు నడకను మానరాదు.