ఫోన్‌కు వచ్చింది, ఇంటికి రాలేదు

"మీ పార్సిల్ ఈరోజే వస్తుంది" అని పొద్దున్నే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. దాన్ని నమ్మి మిల్లుకు నాగా పెడితే పోయేది ఒకరోజు కూలి. పోయిన నెల మా లైన్లో ఒక చెల్లెమ్మ అట్లాగే పనికి పోకుండా కూర్చుంది. సాయంత్రం ఇంకో మెసేజ్: "వచ్చాం, ఇంట్లో ఎవరూ లేరు." గడపలోనే కూర్చున్న మనిషిని పట్టుకుని లేదంటే ఏమనాలి!

చాలాసార్లు ఆ మెసేజ్ మన గుమ్మం చూసి రాదమ్మా. పొద్దున గోడౌన్‌లో డబ్బా మీది గీతలను స్కాన్ చేయగానే దానంతటదే వచ్చేస్తుంది. బండి మస్కి దాకా రాలేకపోతే, రేపటికి తోయడానికి ఆ కుర్రాడు ఏదో ఒక కారణం నొక్కాలి. "ఎవరూ లేరు" అన్నది అన్నిటికన్నా తేలిక. అతనిదీ కూలి బతుకే, పార్సిలుకు ఇంత అని లెక్క. నా కోపం ఆ పద్ధతి మీద.

మెసేజ్ చూసి మాత్రం నాగా పెట్టకండి. డబ్బా చేతికి రాకముందే ఓటీపీ చెప్పకండి. రాని పార్సిల్‌ను "ఇచ్చేశాం" అంటే ఆ మెసేజ్ తుడిచేయకండి. కంపెనీవాళ్లు వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. మనకు ఆ నంబరు మరిచిపోయే పని లేదు, మన ఊరి అశోకుడి శాసనం బయటపడిందీ 1915లోనే. ఫోన్ చేసేటప్పుడు ఆర్డర్ నంబరు, డబ్బు కట్టిన రసీదు దగ్గర పెట్టుకోండి. ముందు అడిగేది అవే.