అరగంటలో మారిన మాట

గట్టి మేనేజరైతే ఎలాంటి పరిస్థితుల్లోనైనా సరైన నిర్ణయమే తీసుకుంటాడని మన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చెబుతాయి. కంపెనీల్లో శిక్షణ తరగతులు నడిపేవాళ్లూ అదే పాట పాడతారు. ఏదైనా ఘోరం జరిగితే పత్రికలూ ఫలానా అధికారి నిర్లక్ష్యం, ఫలానా ఆయన చేతగానితనం అని తేల్చేస్తాయి. ఈ నమ్మకం ప్రాణాలు తీస్తోందని నేనంటాను. దీన్ని పట్టుకుని వేలాడినన్నాళ్లూ కుర్చీలో మనుషుల్ని మారుస్తూనే ఉంటాం, కుర్చీ ఉన్న గది జోలికి మాత్రం పోం.

1986 జనవరి 27 రాత్రి ఏం జరిగిందో చూడండి. అప్పటికే పలుమార్లు వాయిదా పడిన నాసా అంతరిక్ష నౌక ఛాలెంజర్ మర్నాడు పొద్దున ఎగరాలి. ప్రయోగం జరగాల్సిన ఫ్లోరిడాలో విపరీతమైన చలి. బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మోర్టన్ థయోకాల్ కంపెనీ ఇంజనీర్లు యూటా నుంచి ఫోన్‌లో నాసా అధికారులకు తమ భయం చెప్పారు. బూస్టర్ అతుకుల్లోని రబ్బరు వలయాలు చలికి బిగుసుకుపోతాయి, మండే వాయువును ఆపలేకపోవచ్చు, కాబట్టి సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే ఎగరేయొద్దన్నారు. కంపెనీ ఇంజనీరింగ్ ఉపాధ్యక్షుడు రాబర్ట్ లండ్ కూడా ఆ మాట మీదే నిలబడ్డాడు.

అవతలివైపు నుంచి నాసా అధికారి ఒకరు ఈ సిఫారసు విని నిర్ఘాంతపోయానన్నాడు. ఇంకొకరు, అయితే ఏప్రిల్ దాకా ఆగమంటారా అని విసుక్కున్నాడు. కంపెనీవాళ్లు ఐదు నిమిషాలు గడువడిగి ఫోన్ పక్కన పెట్టారు. ఆ ఐదు నిమిషాలు అరగంట అయింది. ఇంజనీర్లు మళ్లీ మొత్తుకున్నారు. చివరికి పైఅధికారి జెరాల్డ్ మేసన్ లండ్ వైపు తిరిగి, ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నాడు. లండ్ సరేనన్నాడు.

ఆ అరగంటలో కొత్త లెక్క ఒక్కటీ రాలేదు. చలి తగ్గుతుందన్న కబురూ లేదు. లండ్ తెలివీ, చదువూ, నిజాయితీ సాయంత్రం ఎంతో అర్ధరాత్రికీ అంతే. మర్నాడు సుమారు 2 డిగ్రీల చలిలో ఛాలెంజర్ లేచింది. 73 సెకన్లకు ఏడుగురితో సహా ముక్కలైంది. మనిషి స్వభావమే నిర్ణయాన్ని నడిపిస్తుందనేవాళ్లు ఒకే మనిషి ఒకే రాత్రి రెండు మాటలు ఎలా చెప్పాడో ముందు నాకు చెప్పాలి.

జవాబు ఆ గదిలోనే ఉంది. నాసా థయోకాల్‌కు పెద్ద ఖాతాదారు. ఆ ఏడాది 15 ప్రయోగాలు చేయాలని నాసా పెట్టుకున్న లక్ష్యం అందరి నెత్తిమీదా ఉంది. పెద్ద ఖాతాదారును సంతృప్తి పరచడానికే యాజమాన్యం మాట మార్చిందని విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ కూడా రాసింది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది లండ్ స్వయంగా చెప్పిన సంగతి. మామూలుగా ఎగరేయడానికి సిద్ధమని కంపెనీవాళ్లు రుజువు చేయాల్సి వచ్చేది. ఆ రాత్రి మాత్రం సిద్ధంగా లేమని రుజువు చేయాల్సి వచ్చింది. ప్రశ్న అడిగే తీరు తిరగబడింది, దాంతో జవాబూ తిరగబడింది.

రోజర్ బోయిజోలీ లాంటి ఇంజనీర్లు లొంగలేదు కదా, ధైర్యమే ముఖ్యమని తేలలేదా అని ఎవరైనా అడగవచ్చు. వాళ్ల ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆఖరి ఓటు నలుగురు ఉపాధ్యక్షులకే దక్కింది, ఇంజనీర్లను ఎవరూ అడగలేదు. ఫ్లోరిడాలో ఉన్న కంపెనీ ప్రతినిధి అలన్ మెక్‌డొనాల్డ్ ప్రయోగానికి సరేనంటూ సంతకం చేయనంటే యూటా నుంచి వేరొకరి సంతకం ఫ్యాక్స్‌లో వచ్చింది. ధైర్యవంతులు ఉన్నారు, ఏడుగురూ పోయారు.

మన దగ్గర మార్చి నెలాఖరున ఏ బ్యాంకు బ్రాంచికైనా వెళ్లి చూడండి. పూటపూటకీ పైనుంచి ఫోను, టార్గెట్ ఎంతయిందని. పక్క బ్రాంచి అంకె చెప్పి దెప్పడం. ఆ వారంలో ఇచ్చిన అప్పు జూలైలో మొండి బకాయి అయితే విచారణ ఆ మేనేజరు మీద. ఫోను చేసినాయన్ను పిలిచేదెవరు? మేనేజరును వదిలేయమని నేననడం లేదు. సంతకం పెట్టినవాడు జవాబు చెప్పాల్సిందే. అతని చుట్టూ ఆ పరిస్థితిని కట్టినవాళ్లు కూడా అదే బోనులో నిలబడాలి.

ఛాలెంజర్ తర్వాత నాసాలో పెద్ద కుర్చీల్లో మనుషులు మారారు. అయినా 2003లో మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని కొలంబియా నౌక బలి తీసుకుంది. నింగికి లేస్తూ ఉండగానే నురగ ముక్క రెక్కను కొట్టిందని తెలిసి, ఆ రెక్కకు ఫోటోలు తీయించమని ఇంజనీర్లు అడిగితే మేనేజర్లు కాదన్నారు. విచారణ బోర్డు నివేదికలో ఒక చిన్న వివరం ఉంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పనిలో ఒక ముఖ్య ఘట్టానికి 2004 ఫిబ్రవరి 19ని గడువుగా పెట్టుకుని, నాసా ప్రధాన కార్యాలయం మేనేజర్లకు ఒక స్క్రీన్‌సేవర్ పంపింది. పని ఆపి కాస్త కన్ను తిప్పినప్పుడల్లా కంప్యూటర్ తెర మీద ఒక గడియారం కనిపించేది. ఇంకా ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు మిగిలాయో అది వెనక్కి లెక్కపెడుతూ ఉండేది.