మీటరు చాటు మాట

తడి చీర ఆరేస్తూ ఇల్లాలు కరెంటు షాక్‌తో కుప్పకూలింది. పట్టి లాగబోయిన భర్తా పోయాడు. వానాకాలం వస్తే జిల్లా పేజీల్లో ఈ వార్త ఊరి పేరు మార్చుకుని వస్తూనే ఉంటుంది. దాని వెనకే డిస్కం అధికారుల వివరణ. మీటరు దాకానే మా పూచీ, ఎర్తింగ్ చేయించుకోకపోవడం ఇంటివాళ్ల నిర్లక్ష్యం, పరిహారం కుదరదు అని. ఈ ఏడూ అదే పాట. సంతాపం చెప్పే తీరిక లేకపోతే మానె, అబద్ధమైనా చెప్పకుండా ఉండాల్సింది.

ఎర్తింగ్ ఇంటివాళ్ల బాధ్యతేనా? 1956 నాటి భారత విద్యుత్ నియమావళిలో 33వ నియమం తీసి చదవండి. వినియోగదారుడి ఆవరణలో, సరఫరా మొదలయ్యే చోట, అందుబాటులో ఉండేలా ఎర్త్ టెర్మినల్ అమర్చి, దాని బాగోగులు చూడాల్సింది కరెంటు ఇచ్చే సంస్థేనని రాసి ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లో 16వదీ అదే చెప్పింది. ఇప్పుడు ఏ రేకుల ఇంటికైనా వెళ్లి మీటరు బోర్డు చూడండి. ఫేజు తీగ, న్యూట్రల్ తీగ, మసిబారిన ఫ్యూజు. మూడో తీగ ఏది? ఇవ్వనిదీ వాళ్లే, లేదని నేరం మోపేదీ వాళ్లే.

పోనీ, మీటరు దగ్గర గీసిన గీతనే ఒప్పుకుందాం. దండేనికి కరెంటు ఎక్కడెక్కుతోంది? స్తంభం నుంచి దిగే సర్వీసు వైరు చూరు దగ్గర ఇనుప పైపుకో రేకు అంచుకో ఆనుకుని ఉంటుంది. ఎండకు పెళుసెక్కి, గాలికి రాసుకుని, ఒకనాటికి పైతొడుగు అరిగి లోపలి తీగ బయటపడుతుంది. ఆ పైపుకే దండెం కట్టి ఉంటుంది. అరిగిన ఆ చోటు మీటరుకు ముందుందా, తర్వాత ఉందా? ఏ లైన్‌మన్‌ను అడిగినా చెబుతాడు, ముందేనని. వాళ్ల గీత ప్రకారమే అది వాళ్ల వైపు! 2022 జులైలో కామారెడ్డి బీడీ వర్కర్స్ కాలనీలో బట్టలారేసే తీగే ఒక్క కుటుంబంలో నలుగురిని తీసుకుపోయింది. ఆ తర్వాతైనా ఎన్ని ఊళ్లలో చూరు కింద వైరు వైపు తలెత్తి చూశారు?

మీటరు దాటాక వచ్చే లోపాల సంగతి, అంటే కూలరు, నీళ్ల మోటారు, వేరు. ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు దాటితే చాలు, ప్రాణాపాయమే. 5 ఆంపియర్ల ఫ్యూజు తెగాలంటే దానికి 160 రెట్లకు పైగా పారాలి. ఫ్యూజు వైరును కాపాడుతుంది, మనిషి గొడవ దానికి పట్టదు. కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపి మనిషిని కాపాడే ఆర్‌సీసీబీని తప్పనిసరి చేసిన 2010 నిబంధనలే 5 కిలోవాట్ల లోపు ఇళ్లను వదిలేశాయి. తర్వాత హద్దు తగ్గించారు గానీ, రెండు లైట్లూ ఒక ఫ్యానూ ఉన్న ఇల్లు ఇంకా దాని కిందే ఉంది. ఏసీ ఉన్నవాడికి రక్షణ తప్పనిసరి, కూలరున్నవాడికి కాదు.

జనం కొక్కేలు వేస్తారు, నాసిరకం వైరు కొంటారు, సర్వీసు పైపుకే దండెం కడతారు; నిజమే. అయితే తప్పు ఇంకొకరిదనే వాదనకు సుప్రీంకోర్టు 2002లోనే జవాబు చెప్పింది. దొంగ కరెంటు కోసం ఎవరో లాగిన తీగ వల్లే రోడ్డు మీద వెళ్తున్న మనిషి పోయాడని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు చెప్పుకుంటే, ఇంత ప్రమాదకరమైన సరుకుతో వ్యాపారం చేసేవాళ్లు బాధ్యత తప్పించుకోలేరని తేల్చింది. ఆ తీర్పు డిస్కంల న్యాయ విభాగాలకు తెలియదని మేం నమ్మం.

వచ్చే వేసవిలోగా రేకుల ఇళ్లన్నిటికీ ఎర్త్ టెర్మినల్, ఆర్‌సీసీబీ సంస్థల ఖర్చుతోనే పెట్టాలి. అరిగిన సర్వీసు వైర్లు మార్చాలి. సర్వేకు కొత్త మనుషులు అక్కర్లేదు. సున్నా బిల్లు చీటీ ఇవ్వడానికి కూడా రీడింగ్ తీసే కుర్రాడు నెలనెలా ఆ ఇంటికి వెళ్తున్నాడు, తల తగలకుండా ఆ దండెం కిందే వంగి.