అప్పుడు రంగం మేస్త్రీ, ఇప్పుడు అమెరికా మేస్త్రీ

పక్షం రోజుల కిందట ఒక తండ్రి మా దగ్గరకొచ్చాడు. పట్టాల పక్కన కంకర ఎత్తే కాంట్రాక్టు కూలీ. కొడుకు ఇంజనీరింగు పూర్తి చేశాడు. ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే మొదటి డిగ్రీ. తండ్రి చేతిలో విశాఖపట్నంలో ఏదో కన్సల్టెన్సీ వాళ్ళిచ్చిన రంగుల కాగితం ఉంది.

"మేస్టారండీ, మా గుంటడు అమెరికా ఎల్తానంతన్నాడు. అక్కడ సదువుకుంతూనే బయట పని సేసుకోవచ్చంట. ఆ డబ్బుల్తోనే ఫీజూ కట్టీయొచ్చంట, అప్పూ తీర్చీయొచ్చంట. నిజమేనేటండి?"

నిజం కొంత, అబద్ధం కొంత అన్నాం. ఏది ఎంతో అప్పటికప్పుడు చెప్పలేకపోయాం. చెప్పలేనందుకు సిగ్గుపడ్డాం కూడా. పిల్లలకి పాఠాలు చెప్పే మేమే ఆ కాగితాల సంగతి తెలుసుకోకపోతే ఆ తండ్రి ఎవర్ని అడుగుతాడు? ఈ పక్షం రోజులూ చదివాం, వెళ్ళొచ్చిన పిల్లల్ని అడిగాం. అతనికి ఇవ్వాల్సిన జవాబునే ఈ సంపాదకీయంగా రాస్తున్నాం. ఎందుకంటే ఆ రంగుల కాగితం ఇప్పుడు మన పేటలన్నిటికీ వస్తోంది.

వలస మనకి కొత్త కాదు. మన ఆమదాలవలస స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్డు అని రాసుంటుంది. ఆ రోడ్డు మీద మనవాళ్ళు హైదరాబాదు, మద్రాసు, గుజరాతు దాకా పోతూనే ఉన్నారు. అంతకు ముందు మన ముత్తాతలు కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడెక్కి రంగం వెళ్ళారు. రంగం అంటే రంగూన్. ఊర్లోకి మేస్త్రీ వచ్చేవాడు. అడ్వాన్సు ఇచ్చేవాడు, ఓడ టిక్కెట్టు పెట్టేవాడు. అక్కడికి వెళ్ళాక కూలి డబ్బులు మేస్త్రీ చేతి మీదుగానే రావాలి, అతని బాకీ కోత పోగా మిగిలిందే కూలి. అక్కడి చట్టం ఏమిటో కూలీకి తెలియదు. మేస్త్రీ నోటిమాటే చట్టం. ఇప్పటి కన్సల్టెన్సీకి ఏసీ గది ఉంది, టై కట్టుకున్న కుర్రాడున్నాడు. పని మాత్రం అదే.

ఇక అసలు సంగతి. అమెరికా చదువుకిచ్చే వీసా పేరు ఎఫ్-1. అది చదువుకోడానికే, పనికి కాదు. విశ్వవిద్యాలయం ఆవరణలో, అంటే లైబ్రరీలోనో క్యాంటీన్‌లోనో, తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేయొచ్చు. సెలవుల్లో అంతకంటే ఎక్కువ చేయొచ్చు. ఆవరణ దాటి బయట పని చేయాలంటే మాత్రం వేరే అనుమతి ఉండాలి, మామూలుగా మొదటి విద్యాసంవత్సరం పూర్తయ్యే దాకా అదీ దొరకదు. కన్సల్టెన్సీ వాళ్ళు "పార్ట్‌టైం" అని ఒక్క ముక్కలో చెప్పేసేది ఇదే.

లెక్క వేసి చూద్దాం. అక్కడ కేంద్ర చట్టం ప్రకారం కనీస కూలి గంటకి 7.25 డాలర్లు. 2009 నుంచీ అంతే. చాలా రాష్ట్రాల్లో ఇంకా ఎక్కువుంది. పోనీ 15 డాలర్లు అనుకుందాం. వారానికి 300. చదువు జరిగే ముప్పై వారాలకి 9,000 డాలర్లు. అదీ మొదటి రోజునే పని దొరికి, ఒక్క నాగా లేకుండా చేస్తే. ఇంటి అద్దె, తిండి, ఆరోగ్య బీమా అందులోంచే పోవాలి. ఏడాది ఫీజే ఇరవై ముప్పై వేల డాలర్లున్న చోట ఈ డబ్బుతో ఫీజు కట్టడమంటే గోచీ గుడ్డతో పందిరేయడమే.

బయట పనికి దారులు లేకపోలేదు. ఒకటి సి.పి.టి. అంటారు. చదువులో భాగంగా, పాఠ్యప్రణాళికలో ఉన్న పని. విశ్వవిద్యాలయంలో డి.ఎస్.ఓ. అనే అధికారి ఐ-20 అనే పత్రం మీద యజమాని పేరు, పని మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ నమోదు చేసి ఇవ్వాలి. ఆ తేదీకి ఒక్కరోజు ముందు పనిలో చేరినా తప్పే. పూర్తికాలం సి.పి.టి. పన్నెండు నెలలు వాడేసుకుంటే ఆ చదువు మీద తర్వాత రావాల్సిన ఓ.పి.టి. పోతుంది. ఇది తెలియక పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

ఓ.పి.టి. అంటే చదివిన విషయానికి నేరుగా సంబంధించిన పనిలో పన్నెండు నెలల అనుభవం. ఎక్కువమంది చదువు అయ్యాకే వాడుకుంటారు. దీనికి విశ్వవిద్యాలయం సిఫార్సు ఒక్కటే చాలదు, ప్రభుత్వం నుంచి ఇ.ఎ.డి. కార్డు చేతికి రావాలి. చదువు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు దరఖాస్తు పెట్టాలి. ఓ.పి.టి. మొదలయ్యాక మొత్తం మీద 90 రోజులకు మించి పని లేకుండా ఉండకూడదు. సైన్సు, ఇంజనీరింగు, లెక్కలు చదివినవాళ్ళకి ఇంకో 24 నెలల పొడిగింపు ఉంది. అయితే యజమాని ఇ-వెరిఫై అనే ప్రభుత్వ పద్ధతిలో నమోదై ఉండాలి, ఏమి నేర్పుతాడో ఫారం మీద రాసి సంతకం పెట్టాలి. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులుంటే అందులో 97,556 మంది ఈ ఓ.పి.టి. మీదే ఉన్నారు. అప్పు తీరేది నిజంగా ఇక్కడే, చదివే రోజుల్లో కాదు. ఆ తర్వాత హెచ్-1బి వీసా లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద యజమానికి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. కాబట్టి ఆ లాటరీని నమ్ముకుని అప్పు లెక్క వేయకండి.

కన్సల్టెన్సీ కాగితంలో లేని దారి ఇంకొకటుంది. మనవాళ్ళకి అన్నిటికంటే అవసరమైనది అదే. ఒక విద్యాసంవత్సరం గడిచాక, విద్యార్థి చేతిలో లేని కారణం వల్ల తీవ్రమైన డబ్బు కష్టం వచ్చిపడితే, బయట పని చేసుకోడానికి ప్రభుత్వాన్ని అడగొచ్చు. చదివిస్తున్న తండ్రి చనిపోయినా, జబ్బు ఖర్చు మీద పడినా, రూపాయి విలువ బాగా పడిపోయినా, ఆవరణలోని పని తన తప్పు లేకుండా పోయినా అడగొచ్చు. ఆధారాలు జతచేసి డి.ఎస్.ఓ. ద్వారా పెట్టుకోవాలి. కార్డు వచ్చాక వారానికి 20 గంటలు చేయొచ్చు. ఇది కచ్చితంగా ఇస్తారని కాదు, అడిగే హక్కుందని. ఇందులో దళారీకి కమీషన్ రాదు, అందుకే చెప్పడు. కష్టం వచ్చిన పిల్లలు ఈ దరఖాస్తు పెట్టకుండా పెట్రోలు బంకు వెనక గదిలో చేతికి డబ్బులిచ్చే పనిలో చేరుతున్నారు. పట్టుబడితే ఎఫ్-1 హోదా పోతుంది. హోదా పోయాక ఏ కార్డుకీ దారి ఉండదు.

దొంగ దారి ఎక్కడికి పోతుందో మన తెలుగువాళ్ళు రెండుసార్లు చూశారు. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊర్లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అని ఉండేది. 2011 జనవరిలో అధికారులు దాన్ని మూసేశారు. పదిహేను వందల పైచిలుకు విద్యార్థులు, దాదాపు అందరూ భారతీయులే, ఎక్కువమంది అప్పటి మన ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. చేరిన వెంటనే సి.పి.టి. ఇచ్చేవారు, ఏ రాష్ట్రంలోనైనా పని చేసుకోమనేవారు. సగం మందికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లో ఒకే ఇంట్లో ఉంటున్నట్టు రికార్డు రాశారు! కొందరు పిల్లల కాళ్ళకి రేడియో కడియాలు తొడిగారు. ఆ ఫొటో పేపర్లో చూసి మా పేటలో ఒక ముసలమ్మ "ఇదేటి కడియం నాయినా, వెండిదా?" అని అడిగింది. ఆ యూనివర్సిటీ పెట్టినావిడకి 2014లో పదహారేళ్ళకు పైగా జైలు పడింది. అయితే పిల్లల అప్పు ఎవరూ తీర్చలేదు.

రెండోది ఇంకా ఘోరం. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని పెట్టింది అక్కడి ప్రభుత్వ అధికారులే. దళారీలని పట్టుకోడానికి వేసిన వల. పాఠం లేదు, పంతులు లేడు. ఆరు వందల మంది దాకా ఫీజు కట్టి చేరారు. 2019 జనవరి ఆఖర్లో వల లాగితే మొదట పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది మన దేశం వాళ్ళు. విద్యార్థుల్ని చేర్పించారని కేసు పెట్టిన ఎనిమిది మందిలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. తరగతి లేదని తెలిసీ చేరారని అధికారులు అన్నారు. కొందరికి తెలుసు, నిజమే. కానీ పేదవాడి కొడుకు ముందు అప్పుని నిలబెట్టి, వెనక ప్రభుత్వమే దొంగ బోర్డు పెట్టి కూర్చుంటే, ఆ తప్పు మొత్తం కుర్రాడిదేనా? మేము అలా అనుకోవడం లేదు. మన విదేశాంగ శాఖ అప్పుడు ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం ఇచ్చింది.

ఇందులో కులం ఏముందని అడిగేవాళ్ళుంటారు. ఉంది. భూములున్న కులాల కుర్రాడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో దిగేసరికి బాబాయి ఉంటాడు, బావ ఉంటాడు, బావగారి కంపెనీ ఉంటుంది. సి.పి.టి. చూపిస్తారు, ఓ.పి.టి. యజమానిని చూపిస్తారు, చేతిలో డబ్బు ఆడకపోతే సర్దుతారు. మన గుంటడికి అక్కడ ఎవరున్నారు? గదిలో చేరేటప్పుడు ఇంటిపేరు అడిగి, ఊరడిగి, ఏ వీధని కూడా అడుగుతారని వెళ్ళొచ్చిన పిల్లలు చెప్పారు. అక్కడ కులం లేదనేవాళ్ళ కోసం చెబుతున్నాం. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. లేని దాన్ని నిషేధించరు కదా. చుట్టం లేని మనవాడికి నిబంధనల కాగితమే చుట్టం. అందుకే ఇంత విడమరిచి రాశాం.

వెళ్ళొద్దని మేము అనడం లేదు. బాబాసాహెబ్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళింది బరోడా మహారాజు ఇచ్చిన నెలకి పదకొండున్నర పౌండ్ల విద్యార్థి వేతనం మీద. బదులుగా పదేళ్ళు బరోడా కొలువు చేస్తానని సంతకం పెట్టారు. 1917లో వేతనం గడువు అయిపోయి లండన్ చదువు మధ్యలో తిరిగి రావాల్సొచ్చింది. వచ్చి సిడెన్‌హామ్ కాలేజీలో పంతులు పని చేసి కూడబెట్టి, స్నేహితుడి దగ్గర ఐదు వేలు అప్పు తీసుకుని, కొల్హాపూర్ మహారాజు సాయంతో 1920లో మళ్ళీ వెళ్ళారు. డబ్బు లెక్క తప్పితే చదువు ఎలా ఆగుతుందో ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

నూరేళ్ళు దాటినా మన పిల్లల లెక్క అలాగే ఉంది. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తానికి 125. అందులో షెడ్యూల్డు కులాలకి 115. 2025 జూలైలో ఎంపికైన 106 మందిలో 40 మందికే మొదట ఉత్తర్వులిచ్చారు, మిగిలిన 66 మందికి నిధులుంటే చూస్తామన్నారు. రాష్ట్రంలో అంబేద్కర్ పేరు మీద ఓవర్సీస్ విద్యానిధి ఉండేది. 2022లో వచ్చిన విదేశీ విద్యా దీవెన పథకంలో ప్రపంచ ర్యాంకుల్లో పైనున్న కొద్ది విశ్వవిద్యాలయాలకే ఇస్తామన్నారు. పేట బడిలో చదివి అక్కడి దాకా వెళ్ళగలిగేవాళ్ళు ఎందరు? ఫీజుతో పాటు తిండి ఖర్చూ, చెప్పిన తేదీకి ఇవ్వమనే మన డిమాండు. జిల్లా సాంఘిక సంక్షేమ శాఖలో ఈ కాగితాలు చదివి చెప్పే ఒక మనిషిని కూర్చోబెట్టమని కూడా అడుగుదాం. సంఘం కార్యకర్తలు దీన్ని సభల్లో తీర్మానంగా పెట్టాలి.

అప్పటిదాకా మన జాగ్రత్త మనది. ఏ విశ్వవిద్యాలయమైనా డబ్బు కట్టకముందే దాని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి కుర్రాడే స్వయంగా రాయాలి. మొదటి ఏడు బయట పని ఉంటుందా, సి.పి.టి. ఎప్పుడు ఇస్తారు, ఏ కోర్సుకి, తరగతులు నిజంగా ఎక్కడ జరుగుతాయి అని అడగాలి. చేరిన రోజునే సి.పి.టి. అని ఆశ పెట్టే చోటుని పదిసార్లు అనుమానించాలి. అక్కడి నిబంధనలు మారుతుంటాయి, మేము రాసింది కూడా ఓసారి సరిచూసుకోవాలి. కెనడా, ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళకి గంటల లెక్క వేరు. కెనడాలో 2024 నవంబరు నుంచి బయట పని వారానికి 24 గంటలు, ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి రెండు వారాలకి 48 గంటలు.

కంకర ఎత్తే ఆ తండ్రి మొన్న ఆదివారం మళ్ళీ వచ్చాడు, ఈసారి కొడుకుని వెంటబెట్టుకుని. ముగ్గురం కూర్చుని ఆ ఉత్తరం రాయించాం. ఇంగ్లీషు తప్పులు కుర్రాడే దిద్దుకున్నాడు, మావి కూడా రెండు దిద్దాడు. జవాబు వచ్చే దాకా ఇంటి స్థలం కాగితం పెట్టెలోంచి తీయనని తండ్రి అన్నాడు. సీట్లు అయిపోతున్నాయని కన్సల్టెన్సీ వాళ్ళు రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నారట.