పదహారో ఏటి మోటారు

చిన్న పట్టణాల తాగునీటి మీద వస్తున్న వాదనలు చదివితే విసుగొస్తోంది. ఒకరు కుళాయిలకు మీటర్లు బిగించి చార్జీలు పెంచమంటారు. ఇంకొకరు నీళ్లు హక్కు కాబట్టి డబ్బు మాటే ఎత్తొద్దంటారు. ఇద్దరూ తడమని అంకె ఒకటుంది. అది 15.

ఇది నేను కనిపెట్టింది కాదు. కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ 1999లో వెలువరించిన నీటి సరఫరా మాన్యువల్‌లో ఒక పట్టిక ఉంది. అందులో ఆనకట్ట నిల్వకు 50 ఏళ్లు, పైపులైన్లకు 30 ఏళ్లు లెక్కగట్టారు. మోటార్లు, పంపులకు 15. నీటిశుద్ధి కేంద్రానికి 15. ఓవర్‌హెడ్ ట్యాంకుకూ 15. అంటే పదిహేనేళ్లకు ట్యాంకు కూలుతుందని కాదు, అప్పటికి ఊరు దాన్ని మించి పెరుగుతుందని. మోటారు మాత్రం నిజంగానే అరుగుతుంది. డీపీఆర్ (ప్రాజెక్టు సమగ్ర నివేదిక) రాసే ఇంజినీరుకు ఈ పట్టిక కంఠతా వచ్చు. ప్రాజెక్టుకు డబ్బు మంజూరు చేసేవారే పదహారో ఏడు రాదన్నట్టు సంతకం పెడతారు.

2021 అక్టోబరులో మొదలైన కేంద్ర పథకం అమృత్ 2.0నే చూడండి. లక్షలోపు జనాభా ఉన్న పట్టణాలకు ప్రాజెక్టు ఖర్చులో సగం కేంద్రం వాటాగా నిర్ణయించారు. లక్ష దాటితే మూడో వంతు, పది లక్షలు దాటితే నాలుగో వంతు. చిన్న ఊరికి పెద్ద వాటా ఇవ్వడం సబబే, ఒప్పుకుంటాను. కానీ అది ఐదేళ్ల పథకం, కట్టడానికే ఉద్దేశించిన డబ్బు. నడపడం, మార్చడం మునిసిపాలిటీ తంటా. అంతకుముందు 2018లో ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు ఆంధ్రప్రదేశ్‌లోని లక్షలోపు పట్టణాల కోసం 40 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ఆ పనులు ఏళ్ల తరబడి నత్తనడక నడిచాయి. ఎవరి హయాంలో ఆగాయన్న దాని మీద జరిగిన రచ్చలో పదో వంతైనా, పూర్తయ్యాక మోటార్లు ఎవరు మారుస్తారన్న దాని మీద జరగలేదు.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. అరవై వేల జనాభా, పన్నెండు వేల కుళాయిలు ఉన్న ఊరు అనుకోండి. 15 ఏళ్ల గడువున్న మోటార్లు, శుద్ధి కేంద్రం, ట్యాంకుల విలువ 20 కోట్లు అనుకుందాం. ధరల పెరుగుదలను పక్కన పెట్టినా ఏటా కోటీ 33 లక్షలు దాచాలి. కుళాయికి నెలకు 93 రూపాయలు. కరెంటు బిల్లు, పటిక, క్లోరిన్, ఫిట్టర్ల జీతాలు ఇవన్నీ కాక. అదే ఊళ్లో ఇంటింటికీ ఆటోలో వాటర్ టిన్నులు వస్తూనే ఉంటాయి. టిన్ను పది రూపాయలే అనుకున్నా, రోజుకొకటి చొప్పున నెలకు 300. పంపు నీళ్ల మీద నమ్మకం పోయినందుకు జనం కడుతున్న పన్ను అది. దాన్ని ఏ బడ్జెట్‌లోనూ చూపరు.

పేదలు 93 కూడా ఇవ్వలేరంటారా? సరే, వాళ్ల తరఫున రాష్ట్రం కట్టాలి. ఎవరు కడతారన్నది రాజకీయం, తేల్చుకోండి. ఆ సొమ్ము అసలు అక్కర్లేదన్నట్టు నటించడం మాత్రం మోసం.

ఈ సొమ్ము దాచకపోవడం మునిసిపాలిటీల చేతగానితనం అనడం తేలిక. నీటి సరఫరా పట్టణ సంస్థల పని అని రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో రాసుకుని మూడు దశాబ్దాలు దాటింది. పని అప్పగించారు గానీ పర్సు ఇవ్వలేదు. 2022 నాటి రిజర్వు బ్యాంకు నివేదిక ప్రకారం దేశంలోని మునిసిపాలిటీల ఆదాయం దశాబ్దానికి పైగా జీడీపీలో ఒక శాతం దగ్గరే ఆగిపోయింది. బ్రెజిల్‌లో అది 7.4 శాతం. ఇంత పేద సంస్థ పదిహేనేళ్ల పాటు సొంతంగా దాచుకుంటుందని ఎవరూ నమ్మరు. దాచినా ఆ సొమ్ము అక్కడ ఉండాలి కదా! పంచాయతీలకు వచ్చిన ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిలకు జమ చేసుకున్నారని సర్పంచులు గతంలో రోడ్డెక్కారు. పట్టణాల సొమ్ముకు ఆ గతి పట్టదని హామీ ఏది?

కాబట్టి మోటార్ల నిధి ట్రెజరీ చేతికి అందకూడదు. ట్రెజరీలోనే ఉండే పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతా కాదు, విడిగా బ్యాంకు ఖాతా. ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకంతో కూడా బయటికి రాని ఖాతా. ప్రతి డీపీఆర్ వెనక పదహారో ఏటి ఖర్చెంత, ఎవరి వాటా ఎంత అని ఒక పేజీ ఉండాలి. ఆ పేజీ లేని ప్రాజెక్టుకు కేంద్రమైనా, విదేశీ బ్యాంకైనా పైసా విదల్చకూడదు. అలాగైతే పనులు ఆగిపోతాయని అధికారులు బెదిరిస్తారు. ఇప్పుడేమైనా ఆగడం లేదా? ఏప్రిల్ వస్తే రోజు విడిచి రోజు నీళ్లొదిలే ఊళ్లలో అడగండి.

కొత్త పథకాలకు శంకుస్థాపనలు ఎలాగూ చేస్తారు. నల్లరాతి పలక మీద మంత్రి పేరు, ఎమ్మెల్యే పేరు, చైర్మన్ పేరు చెక్కుతారు. వాటి కిందే మోటార్లు మార్చాల్సిన సంవత్సరం, అందుకు ఈ రోజు దాకా ఖాతాలో పడ్డ మొత్తం కూడా చెక్కించండి. సున్నా అయితే సున్నా అనే చెక్కండి.